గోడ అవతలి ఏడుపు

దయ్యం సినిమా తీయడానికి ఆ పాత అపార్టుమెంటులో నాలుగో అంతస్తులో ఒక వాటా అద్దెకు తీసుకున్నారు. సౌండు రికార్డు చేసే ఆయనకు చాదస్తం ఎక్కువ. ఖాళీ గదిలో నిశ్శబ్దాన్ని కూడా విడిగా పట్టుకోవాలంటాడు. అందుకే అందరూ ఆయన్ని 'చెవులాయన' అనేవారు.

ఒక మధ్యాహ్నం అందరూ భోజనాలకు దిగాక ఆయనొక్కడే మైకు పెట్టుకుని కూర్చున్నాడు. గోడ అవతల నుంచి ఏడుపు వినిపించింది. పక్క వాటాలో బట్టలు కుట్టే పిన్నిగారిది. భర్త పోయి నెలైనా కాలేదు. కుట్టుమిషను ఆగిందంటే చాలు, ఆవిడ అలా కుమిలిపోయేది. మైకు ఆపేద్దామని చెయ్యి చాచాడు. ఆపలేదు సరికదా, గోడకు ఇంకాస్త దగ్గరగా జరిపాడు.

డైరెక్టరు విని ఎగిరి గంతేశాడు.

"ఇదేనయ్యా మన దయ్యం. ఎవరిచేత ఏడిపించావ్?"

"నా దగ్గర పాతది ఉందిలెండి," అన్నాడు చెవులాయన.

సినిమా పూర్తయ్యాక అపార్టుమెంటు వాళ్లకోసం ఒక ఆట వేశారు. పిన్నిగారు వచ్చి ఆయన పక్కనే కూర్చుంది. తెర మీద ఖాళీ మెట్లు, వెనక ఆ ఏడుపు. హాలంతా బిగుసుకుపోయింది. అంతలో వెనక వరసలో ఎవరో ఆ ఏడుపును వెక్కిరించారు. నవ్వులు లేచాయి.

"ఆ గొంతెవరిది బాబూ?" మెల్లగా అడిగింది పిన్నిగారు.

"కంప్యూటర్లో చేశామండీ."

"అచ్చం మనిషి ఏడ్చినట్టే ఉంది," అని ఆవిడ మళ్లీ తెర వైపు తిరిగింది.

మర్నాడు పొద్దున్నే వెళ్లి తలుపు తట్టాడు. ఆవిడ మొహం చూడలేక గడప వైపు చూస్తూ ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

"నిన్ననే తెలిసింది. నా ఏడుపు నాకు తెలీదా?" అంది ఆవిడ. "ఒక్కరైనా అయ్యో అంటారేమోనని చూశాను. కొందరు భయపడ్డారు, కొందరు నవ్వారు."

"తీసేయిస్తానండీ."

"తీసెయ్యి. అది ఆయనకోసం ఏడ్చిన ఏడుపు."

డైరెక్టరు ససేమిరా అన్నాడు. అప్పుడు చెవులాయన యూనిట్ అందరి ముందూ తను చేసిన దొంగపని చెప్పుకున్నాడు. డైరెక్టరు తలవంచక తప్పలేదు. ఇక చెవులాయన గదిలో తలుపేసుకుని తనే ఏడ్చి రికార్డు చేశాడు. పిన్నిగారి మాట తలచుకోగానే ఏడుపు దానంతటదే వచ్చింది.

సినిమా విడుదలయ్యాక ఆ సన్నివేశంలో ఎవరూ జడుసుకోలేదు. డైరెక్టరు ఆయన్ని మరి పిలవలేదు. ఎప్పుడైనా దారిలో పిన్నిగారు ఎదురైతే, "బాగున్నావా బాబూ?" అని ఎప్పట్లాగే పలకరించేది. నాలుగు తిట్టినా బాగుండేదనిపించేది ఆయనకు.