మడుల నీళ్ళు

ఆసుపత్రిలో ఒక మనిషిని మంచానికి తాళ్ళతో కట్టేసి ఉంచారు. తాళ్ళు ఆసుపత్రివి కావు, సెంట్రింగ్ కర్రలు బిగించేవి. కొత్త బిల్డింగు కడుతున్న పనిచోటు నుంచే తెచ్చాడు సూపర్‌వైజరు. ముందుచూపు గల మనిషి మరి.

"తాగి పడ్డాడండీ. వీళ్ళకిది మామూలే. దిగేదాకా అలా పడుండనివ్వండి," అన్నాడు కౌంటరు దగ్గర.

మంచం మీదున్నది కమ్మీలు కట్టే మేస్త్రి. పక్కన నిలబడ్డ ఆయన భార్యను పనిచోట అందరూ నీళ్ళక్క అంటారు. కొత్తగా పోసిన స్లాబు పగుళ్ళివ్వకుండా దానిమీద సిమెంటు గట్లతో మడులు కట్టి, అవి ఎండిపోకుండా నీళ్ళు నింపుతూ ఉండడం ఆమె పని. మొగుడు సారా వాసనకే మొహం తిప్పుకుంటాడని ఆమెకు తెలుసు. జ్వరంతోనే పనిలోకి దిగాడనీ, ఉన్నట్టుండి కొయ్యబారి, కళ్ళు తేలేసి, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పడిపోయాడనీ తెలుసు. అయినా నోరు విప్పలేదు. దారి పొడుగునా సూపర్‌వైజరు ఆమె చెవిలో నూరిపోస్తూనే వచ్చాడు.

"మన బిల్డింగు పేరెత్తావో, మున్సిపాలిటీ వాళ్ళొచ్చి తాళం వేస్తారు. అందరూ రోడ్డున పడతారు. నీవల్లే పడ్డామని నీవాళ్ళే నిన్ను నమిలేస్తారు. నిన్ననే ఊరి నుంచి వచ్చాడని చెప్పు, చాలు."

చిన్న డాక్టరమ్మ వచ్చి ఒంటిమీద చెయ్యి వేసి చూసింది. వెంటనే తాళ్ళు విప్పించింది. "ఒళ్ళు పెనంలా కాలిపోతుంటే తాగుడంటారేంటి? కళ్ళు లేవా?" అని కౌంటరు వైపు చూసి కేకలేసింది. రక్తం తీసింది.

నీళ్ళక్కకు ఆ సూది చూస్తేనే అనుమానం. పేదవాళ్ళ రక్తం తీసి అమ్ముకుంటారని ఎవరో చెప్పగా విన్నది. అరిచిందంటే మనకోసం అరిచిందనా? వీళ్ళూ వాళ్ళూ ఒకటేనేమో.

రక్తం చూసొచ్చాక డాక్టరమ్మ మొహం మారిపోయింది. "మలేరియానమ్మా. మామూలుది కాదు, మెదడుకెక్కింది. మందు ఎక్కిస్తున్నాం. మీరుండేదెక్కడ? చుట్టుపక్కల ఇంకెవరికైనా జ్వరాలున్నాయా?"

"నిన్ననే ఊరి నుంచి వచ్చాడండీ," అంది నీళ్ళక్క, నేలచూపులు చూస్తూ.

మంచినీళ్ళ కుళాయి దగ్గర ఆమెకు ఒక ముసలమ్మ ఎదురైంది. పనిచోట అందరూ వదిన అని పిలిచే ఇటుకల కూలీకి తల్లి. వదిన సెలవు మీద వెళ్ళిందనుకుంటున్నారు పనిచోట. అదే అడిగింది నీళ్ళక్క.

"సెలవేంటమ్మా! కిడ్నీల వార్డులో పడుంది. మూత్రం నల్ల టీ నీళ్ళలా పోసింది, ఇప్పుడు అదీ రావట్లేదు. కిడ్నీలు పాడైపోయాయంటున్నారు."

"ఎక్కడి నుంచి వచ్చారని అడిగారా?"

ముసలమ్మ అటూ ఇటూ చూసింది. "నిన్ననే ఊరి నుంచి వచ్చామని చెప్పాను. నువ్వెవరికీ అనకు."

కామెర్లకి పసరు మందు కోసం ఊరెళ్ళాడన్న తాపీ మేస్త్రి నీళ్ళక్కకు గుర్తొచ్చాడు. ముసలమ్మను వెంటబెట్టుకుని కామెర్ల వార్డులోకి తొంగి చూసింది. అక్కడ పసుపుపచ్చ కళ్ళతో తాపీ మేస్త్రి. ఆయన భార్య వీళ్ళను చూసి దెయ్యాన్ని చూసినట్టు అదిరిపడింది. ఆవిడా అదే మాట చెప్పింది, అక్షరం పొల్లుపోకుండా. కట్టే బిల్డింగు కింద ఒకే సెల్లార్‌లో పక్కపక్కన పడుకునేవాళ్ళు, ఒకడు తాగుబోతు, ఒకడు కామెర్ల రోగి, ఒకామె కిడ్నీల రోగి అయి కూర్చున్నారు. ముగ్గురికీ పాఠం చెప్పిన పంతులు ఒక్కడే.

నీళ్ళక్క తిన్నగా డాక్టరమ్మ దగ్గరికి పోయి ఉన్నదంతా కక్కేసింది. డాక్టరమ్మ ఆ ఇద్దరి రక్తమూ తీయించింది. రెండింటిలోనూ అదే మలేరియా.

"ఒకరికి తలకెక్కింది, ఒకరికి కాలేయానికి, ఒకరికి మూత్రపిండాలకి. జబ్బు ఒక్కటే. ముందే చెప్పుంటే ఎంత బాగుండేదమ్మా!" అని ఒక్క క్షణం ఆగి, "మంచినీళ్ళు నిలిచే చోటుందా అక్కడ? ఈ జబ్బు తెచ్చే దోమ అందులోనే గుడ్లు పెడుతుంది," అని అడిగింది.

 అంతస్తు అంతస్తునా తను రోజూ నింపే మడులు నీళ్ళక్క కళ్ళ ముందు మెదిలాయి. గబగబా పనిచోటుకు బయల్దేరింది.

మధ్యాహ్నం తిండి వేళ సెల్లార్‌లో అందరూ చేరారు. గోడలింకా పచ్చివాసన వేస్తున్నాయి. ఆమె చెప్పింది విని పెద్ద మేస్త్రి కళ్ళు చిట్లించాడు.

"ఆ డాక్టరమ్మను ఎవరు పంపారో? అవతలి కాంట్రాక్టరు మనిషేమో? పని ఆగితే ఎవరికి లాభం?"

"నీకు మాత్రం సూపర్‌వైజరు గదిలో ఏం పని? పొద్దున్నే చెవులు కొరుక్కుంటున్నారు!" ఒక ఆడమనిషి లేచింది.

"నోరు జారకు!"

"జారితే ఏం చేస్తావ్?"

ఇంకాస్తయితే జుట్లు పట్టుకునేవారు. నీళ్ళక్క మధ్యలోకి వచ్చింది. "మనల్ని మనం అనుమానించుకుంటుంటే వాడు పైన ఫ్యానేసుకుని పడుకుంటాడు. అక్కడ మా ఆయనకి స్పృహ లేదు. రేపు మీలో ఎవరు పడతారో చెప్పగలరా? దోమలు పుట్టే ఆ మడులు తెంపేద్దాం."

 ఎవరో దోమను చరిచిన చప్పుడు అందరికీ వినబడింది.

"మడులు తెంపితే స్లాబు పగులుతుంది," అని గొణిగాడు పెద్ద మేస్త్రి.

"గోనెసంచులు పరిచి తడుపుతూ ఉంటే పగలదు. నీకు తెలీదా? నాకు తెలీదా? దానికి ఇంకో నలుగురు మనుషులు కావాలి. ఆ నలుగురి కూలి మిగుల్చుకోవడానికే ఈ మడులు!"

 ఆడవాళ్ళు లేచి పారలందుకున్నారు. పై అంతస్తు నుంచి మొదలుపెట్టి ఒక్కో గట్టూ తెంపుతూ దిగారు. నీళ్ళు మెట్ల మీదుగా ఉరికాయి. అందరికీ రక్తపరీక్ష, పూర్తి మందు, మడుల బదులు గోనెసంచులు! ఇవన్నీ జరిగేదాకా ఒక్క తట్టా లేవదన్నారు.

నీళ్ళక్క ఆసుపత్రికి తిరిగొచ్చేసరికి గేటు దగ్గర కారు పెట్టుకుని సూపర్‌వైజరు కాచుకుని ఉన్నాడు. సంగతి అప్పుడే చేరిపోయింది. ఎవరు చేరవేశారో దేవుడికే తెలియాలి.

"చెల్లెమ్మా, పెద్దాసుపత్రిలో మంచం సిద్ధంగా ఉంది. మీ ఆయన్ని తీసుకెళ్దాం. లేబరాఫీసరు వస్తే తాగేవాడని ఒక్క మాట చెప్పు. వాళ్ళని పనిలోకి దిగమను."

జన్మలో ఎన్నడూ చెల్లెమ్మా అనని మనిషి. ఆమెకు ఒళ్ళు మండింది. లోపలికి పోయి డాక్టరమ్మనడిగింది. "అక్కడైతే బతుకుతాడా?"

"అక్కడిచ్చేదీ ఈ మందేనమ్మా. ఇప్పుడు కదిపితే దారిలోనే మళ్ళీ ఫిట్స్ రావచ్చు. ఇక్కడుంటే బతుకుతాడనీ మాటివ్వలేను. ఆలస్యంగా తెచ్చారు."

ఈమెను నమ్మడమా, కారు తెచ్చినవాణ్ణా? చివరికి నీళ్ళక్కకు మాటివ్వలేనన్న మనిషినే నమ్మాలనిపించింది. బయటికొచ్చి కారు పంపేయమంది.

మరునాడు పొద్దెక్కాక కమ్మీల మేస్త్రి కన్నుమూశాడు. కబురందగానే సెల్లార్ సెల్లారంతా కదిలొచ్చింది. గట్లు తెంపినవాళ్ళ కోసం పోలీసు జీపూ వచ్చి గేటు దగ్గర ఆగింది. సూపర్‌వైజరు అందరికీ వినబడేలా గొంతు పెంచాడు.

"కారెక్కించి ఉంటే బతికేవాడు! మొగుణ్ణి నువ్వే చంపుకున్నావ్!"

ఆ మాట ఆమె గుండెలో దిగింది. అది ఇక ఎప్పటికీ పూర్తిగా బయటికి రాదని ఆ క్షణానే ఆమెకు తెలిసిపోయింది. 

కామెర్ల వార్డు నుంచి తాపీ మేస్త్రి సెలైన్ సీసా చేత్తో ఎత్తి పట్టుకుని తూలుకుంటూ వచ్చాడు. "అసలు సంగతి ఆమె చెప్పబట్టే నాకు సరైన మందు పడింది. వదినకి మళ్ళీ మూత్రం వస్తోంది. ఎవడ్రా చంపింది?" అన్నాడు. 

పోలీసులు ముందుకొచ్చారు. "గట్లు తెంపిందెవరు?"

"వస్తాం. మేమెక్కడికీ పారిపోం. ముందు రక్తం ఇచ్చి వస్తాం," అన్నాడు పెద్ద మేస్త్రి, చొక్కా చేతులు మడుచుకుంటూ. ఆయన వెనక అందరూ వరస కట్టారు. ఆ వరస వరండా దాటింది, మెట్లు దిగింది, జీపును చుట్టుకుని రోడ్డెక్కింది.

నీళ్ళక్క కళ్ళు తుడుచుకుని అందరికంటే ముందుకు వెళ్ళి డాక్టరమ్మ ముందు వేలు చాపింది.

"ఎక్కడుంటారు?" డాక్టరమ్మ అడిగింది.

నీళ్ళక్క సూపర్‌వైజరు కళ్ళలోకి చూస్తూ బిల్డింగు పేరు చెప్పింది.

"కింద, సెల్లార్‌లో," అంది. "మా ఆయన కూడా అక్కడే ఉండేవాడు. అలాగే రాయండి."