సగటులో దాక్కున్న తేడా

నేను ఒక కొలతయంత్రాన్ని. ఇత్తడి ఒళ్లు, ఒక భూతద్దం, దాని నడుమ సాలెపురుగు దారం, ఆ దారాన్ని జరిపే అంకెల చక్రం. ఇంతే నా ఆస్తి. ఆకాశంలో ఏ చుక్క ఎక్కడుందో చెప్పేది టెలిస్కోపు అని జనం అనుకుంటారు. అది గాజుపలక మీద ఫొటో తీసి ఊరుకుంటుంది. ఆ పలక పగలు నా ఒళ్లోకి వచ్చాక, ఒక్కో చుక్క చోటు తేల్చేది నేను.

నా దగ్గర ఇద్దరు కూర్చునేవారు. పరాంకుశంగారు కుడికన్ను ఆనించి, దారం చుక్క నడుమకు వచ్చేదాకా చక్రం తిప్పి "ఊఁ" అనేవారు. పక్కన దమయంతి చక్రం మీది అంకె చదివి రాసుకునేది. పలకంతా అయ్యాక, పైది కిందికి వచ్చేలా తిప్పిపెట్టి మళ్లీ కొలిచేవారు. ఎందుకంటే ఏ మనిషి కన్నైనా కాస్త ఒక పక్కకు లాగుతుంది. పలక తిప్పితే ఆ లాగుడు రెండో పక్కకు పోతుంది. రెండిటికీ సగటు తీస్తే తప్పు మాయం. మనుషుల తెలివికి అప్పట్లో మురిసిపోయాను.

ఆ సంవత్సరం రెండు కొలతల మధ్య తేడా పెరగసాగింది. మొదట చక్రం మీద రెండు గీతలు, తర్వాత అయిదు, ఆపైన తొమ్మిది. సగటు మాత్రం ఎప్పుడూ సరిగ్గానే వచ్చేది. పైవాళ్లు సగటే చూసి భేష్ అన్నారు. నాకు భయమేసింది. చెప్పడానికి నోరేదీ?

దమయంతి చెప్పింది. "పరాంకుశంగారూ, తేడా ఎక్కువవుతోందండీ. ఒకసారి కంటి డాక్టరుకి చూపించుకోండి."

"సగటు సరిపోయిందిగా తల్లీ! ఇంకా పదకొండు పలకలే. కన్ను వాడొద్దని ఆ డాక్టరంటే నా ముప్పై ఏళ్ల పని ఎవరి చేతిలో పెట్టను?"

"అప్పటిదాకా కన్ను నిలవొద్దటండీ?"

ఆయన నవ్వేసి చక్రం అందుకున్నారు. వేళ్లు కొంచెం కూడా వణకలేదు. అదే నన్ను మరీ కలవరపెట్టింది.

ఇంకా నాలుగు పలకలు ఉన్నాయనగా, ఒక మధ్యాహ్నం భోజనం చేసి వచ్చి ఆయన నా ముందు కూర్చున్నారు. వెనకాల దమయంతి కొత్త పలకను మెత్తటి గుడ్డతో తుడుస్తోంది. ఆయన వంగి కన్ను ఆనించారు. చక్రం నెమ్మదిగా తిప్పారు, ఆపారు, ఒక్క పిసరు వెనక్కి జరిపారు.

"ఊఁ. కుదిరింది, రాసుకో తల్లీ."

నా ఒళ్లో ఏమీ లేదు. పలక ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

ఆ తర్వాత నన్నెవరూ తిప్పలేదు. ఇప్పుడు గాజుపెట్టెలో ఉన్నాను. చూడవచ్చినవాళ్లు ఎంత కచ్చితమైన యంత్రమో అనుకుంటూ వెళ్తారు. నా దారం మాత్రం ఆ లేని చుక్క మీదే ఆగి ఉంది.