కిటికీ పక్క మంచం

ఆసుపత్రిలో అందరూ పెద్దక్క అని పిలిచే హెడ్ నర్సు తన కింది నర్సులను నెత్తికెక్కించుకుందని, తప్పు చేసిన పిల్లకు చీవాట్లకు బదులు టీ పోస్తుందని, ఇక ఆ వార్డులో రోగులకు దిక్కెవరని ఎదురింటావిడ అందట. ఆ మాటను అత్తగారు మోసుకొచ్చి, డ్యూటీకి బయల్దేరుతున్న కోడలి చెవిన వేసింది.

"ఎందుకైనా మంచిది, నీ జాగ్రత్తలో నువ్వుండమ్మా."

కోడలు నవ్వి చెప్పులేసుకుంది. ఆమె ఆ వార్డులో కొత్తగా చేరిన నర్సు. అంతకుముందు పనిచేసిన చోట హెడ్ నర్సును చాటున 'పిడుగు' అనేవారు. ఆవిడ రోగుల ముందే కడిగి పారేసేది. అందుకని అక్కడి నర్సులు మొదట నేర్చిన విద్య తప్పును కప్పెట్టడం. అరిచే నోటి దగ్గరకు నిజం రాదన్నది మన ఇళ్లలోనూ తెలిసిన సంగతే.

పెద్దక్క కూడా హెడ్ నర్సే గానీ తీరు వేరు. డ్యూటీ మారే వేళ అందరినీ చుట్టూ చేర్చి, ముందు తన పొరపాటే చెప్పేది. "నిన్న తాతకు కట్టు మార్చడం మరిచానర్రా. ఆయనే గుర్తుచేశాడు. ఇక మీ సంగతులు చెప్పండి." పెద్దరికం ఇలా కూడా ఉంటుందా అని కోడలు విస్తుపోయేది.

ఆ ఉదయం కిటికీ పక్క మంచం మీది ముసలమ్మకు షుగరు సూది వేసి అటు తిరిగిందో లేదో, వెనకనుంచి మాట వినిపించింది.

"నాకెందుకమ్మా సూది? నాకున్నది దగ్గేగా! గాలి తగుల్తుందని పక్క మంచం ఆవిడా నేనూ మంచాలు మార్చుకున్నాం."

కోడలు మంచం నంబరు చూసి వేసిందే గానీ పేరు అడగలేదు. చూసినవాళ్లు లేరు. నోరు మూసుకుంటే ఉద్యోగం నిలుస్తుంది. కానీ షుగరు లేని ముసలమ్మ ఒంట్లో చక్కెర పడిపోయి కాసేపట్లో కళ్లు తేలేస్తుంది. పాత భయం వెనక్కి లాగినా, కాళ్లు మాత్రం పెద్దక్క వైపే పరుగెత్తాయి.

"అక్కా, మనిషి మారిపోయింది. షుగరు సూది వేరేవాళ్లకి వేశాను."

పెద్దక్క ఎందుకని అడగలేదు. "ముసలమ్మ మాట్లాడుతోందా?" అంటూనే లేచింది. డాక్టరును పిలిపించింది, పంచదార నీళ్లు తాగించింది, చేతికి గ్లూకోజు ఎక్కించింది. ఆపైన కోడలితో, "నువ్వే పక్కన కూర్చో. ఇవాళ ఈవిడను నీకంటే జాగ్రత్తగా ఎవరూ చూడరు," అంది.

మధ్యాహ్నానికి గండం గడిచింది. "ఆ తియ్యనీళ్లు ఇంకో గ్లాసు ఉన్నాయా పిల్లా?" అంది ముసలమ్మ. ఆమె కొడుక్కి జరిగింది జరిగినట్టు చెప్పి, అతని కేకలన్నీ పెద్దక్కే భరించింది. తర్వాత నర్సులను పిలిచి, "మంచం నంబరు చూసి సూది వేసే అలవాటు నేనే మాన్పించాల్సింది. ఇకమీదట పేరు అడగందే సూది ఎత్తొద్దు," అంది.

అంతలో పెద్ద డాక్టరు రానే వచ్చాడు.

"ఎవరా నర్సు? మీ మెతకతనమే ఇంత పని చేసింది. భయం లేకపోతే వార్డు నడుస్తుందా?"

కోడలు తల వంచుకుంది. పెద్దక్క ఆమె భుజం మీద చెయ్యి వేసి ఒక మాట అంది. గుమ్మంలో నిలబడ్డ ముసలమ్మ కొడుక్కీ వినబడేలాగే అంది.

"భయమే ఉండుంటే ఈ పిల్ల నోరు విప్పేది కాదు డాక్టరుగారూ. ముసలమ్మ ఎందుకు పోయిందో తెలియక ఈపాటికి అందరం తలలు పట్టుకుని కూర్చునేవాళ్లం."