పేరు రాయని నది

టీ పోస్తుంటే మా అత్తగారు చుట్టాలకు మళ్లీ ఆ కథే మొదలుపెట్టారు.

"మా బురుల్ లాంటి కోడలు ఈ లోయలో ఇంకొకతి లేదు. మొగుడు నీళ్లలో కొట్టుకుపోతున్నా సరే, మామగారి పేరు నోట రానివ్వలేదు!"

"అదృష్టవంతురాలివి వదినా. మా కోడలు మామగారిని గొర్రెను పిలిచినట్టు పేరు పెట్టి పిలుస్తుంది," అందొకావిడ. అందరూ నవ్వారు. నేను గిన్నెలు సగం సగం నింపి అందించాను. మా వైపు నిండా పోస్తే లేచి వెళ్లమన్నట్టు.

మా మామగారు నారిన్‌బెక్. మా ఊరి పక్కన పారేది నారిన్ నది. పదిహేడేళ్లకు ఈ ఇంటి కోడలినయ్యాను. మామగారి పేరే కాదు, ఆ పేరున్న దేన్నీ పలకకూడదు. అందుకే నది నాకు "ఆ పారేది" అయింది. మామగారు పోయినా పేరు పోలేదు. ఆవును పితికాను, రొట్టెలు కాల్చాను, అత్తగారి కాళ్లు పట్టాను, అన్నీ "ఆ పారేదాని" ఒడ్డునే.

తొమ్మిదేళ్ల కిందట, మంచు కరిగే రోజుల్లో, మా ఆయన ఎసెన్ గుర్రం మీద నది దాటబోయాడు. గుర్రం ఒక్కటే ఒడ్డుకు వచ్చింది. రక్షణ వాళ్లకు ఫోన్ చేశాను.

"ఏ నది అక్కా?" అంది ఒక అమ్మాయి.

"ఆ పారేది."

"అన్నీ పారేవే కదక్కా! పేరు చెప్పండి!"

అత్తగారు పక్కనే తల బాదుకుంటున్నారు. నా నోరు తెరుచుకుంది, మాట రాలేదు. ఫోన్ గట్టు మీద పడేసి పక్కింటికి పరిగెత్తాను. పక్కింటావిడ వచ్చి ఫోన్‌లో నది పేరు చెప్పింది. పడవ వచ్చేసరికి పొద్దు వాలింది. ఎసెన్ మూడో రోజు దొరికాడు. అంత చల్లటి నీళ్లలో ఎవరూ ఎంతోసేపు బతకరని డాక్టర్ అన్నాడు. అయి ఉండొచ్చు. ఆ మాట నాకు నమ్మబుద్ధి కాలేదు. ఇప్పటికీ రొట్టె పిండి పిసుకుతుంటే ఆ అమ్మాయి గొంతు వినిపిస్తుంది. ఏ నది అక్కా?

నా చిన్నప్పుడు మా కొండల్లో బడి మూసేశారు. అక్షరాలు ఆయన పోయాక నేర్చుకున్నాను, పక్కింటి పిల్ల వాచకంలో. తర్వాత పెద్దవాళ్ల బడిలో చేరాను. ఈ ఏడు పదకొండో తరగతి, అదే ఆఖరిది. "ముసలితనంలో భూగోళం దేనికే? పొయ్యికి దారి తెలీదా?" అంటారు అత్తగారు. లెక్కలు గట్టెక్కాయి. భూగోళం దగ్గరే ఆగిపోయాను.

గీతలు మాత్రమే ఉన్న దేశపటం ఇచ్చి పేర్లు రాయమన్నారు. కొండలు, సరస్సులు, పట్టణాలు అన్నీ రాశాను. ఒక నదికి మాత్రం నీలం పెన్సిల్‌తో గీత గీసి వదిలేశాను.

"అన్నీ బాగున్నాయక్కా. దీనికి పేరేది?" అంది మా టీచరు చోల్పోన్. నా కన్నా పదిహేనేళ్లు చిన్నది.

"రాస్తాను," అన్నాను. నెలైనా రాయలేదు. అత్తగారికి చదువు రాదు, చూసినా తెలియదు. అయినా పెన్సిల్ అక్కడిదాకా తీసుకెళ్లి, మళ్లీ పక్కన పెట్టేసేదాన్ని.

ఆఖరి పరీక్ష నోటితో చెప్పాలి. బల్ల మీద బోర్లించిన చీటీల్లో ఒకటి తీశాను. 'మన దేశంలో అతి పొడవైన నది'. తప్పితే పట్టా రాదు, మళ్లీ ఏడాది చదవాలి. గోడ మీది పటం ముందు నిలబడ్డాను. చోల్పోన్‌కు అర్థమైంది. ఆమె కూడా ఒకింటి కోడలే. దగ్గరికి వచ్చి మెల్లగా అంది.

"కాగితం మీద రాసివ్వండక్కా. ఎవరూ వినరు."

ఎవరూ వినరు. ఆ రోజు ఫోన్‌లో కూడా ఎవరూ వినలేదు.

పటం చూపించే కర్ర తీసుకున్నాను. హిమానీనదాల దగ్గర పెట్టి పడమటికి జరిపాను. మా ఊరి వంపు దగ్గర చెయ్యి ఆగింది.

"నారిన్," అన్నాను.

ఏమీ కాలేదు. కిటికీ అవతల ఎవరో దుప్పటి దులుపుతున్నారు. చోల్పోన్ పుస్తకంలో ఏదో రాసుకుంది.

"చాలక్కా, ఐదుకి ఐదు. కూర్చోండి."

నేను కూర్చోలేదు. ఆ మాటకు ఎంతసేపు పడుతుందో సరిగ్గా చూడాలనిపించింది. మళ్లీ పలికాను. ఒక్క ఊపిరి తీసుకునేంతసేపు కూడా పట్టలేదు.