చదవకుండా వదిలేసిన పేజీలు

గురువారం పోస్టుమాన్ వారపత్రిక ఇచ్చి వెళ్లగానే కృపారాణి టీచరు కాఫీ గ్లాసుతో అరుగు మీద కూర్చునేది. ముందు కార్టూన్లు, తర్వాత కథ, ఆ పైన పాఠకుల ఉత్తరాలు. అక్కడితో హాయిగా పత్రిక మూసేసేది. వంటలూ, వ్యవసాయం, ఆరోగ్యం అలాగే ఉండిపోయేవి.

పాలకొల్లులో ఆ వీధివాళ్లకి కావలసిందీ అదే. ఆ ఇంట్లో ఎవరూ చదవని వ్యాసాలు ఆదివారానికల్లా పేజీల్లోంచి లేచిపోయి, ఎవరికి పనికొస్తాయో వాళ్లింటి గోడ మీద అచ్చక్షరాలతో వాలేవి. పాపాయమ్మ వంటింట్లో కొత్తరకం పులుసు, కౌలుకి చేసే చంద్రరావు వసారాలో వరిచేలో ఎలుకల బెడద.

"టీచరుగారండీ, ఈ వారం కూడా వంటలు చదవకండేం," అనేది పాపాయమ్మ.

"నేనెప్పుడు చదివానండీ?" అని నవ్వేది కృపారాణి.

ఆవిడ భర్త విజయ్ పాల్ రిటైరై ఇంట్లో కూర్చోవడంతో చిక్కొచ్చి పడింది. కాలేజీ ఆఫీసులో ముప్పై ఏళ్లు ఫైళ్లు చూసిన మనిషి. "చందా కట్టి సగం వదిలేస్తావేంటి?" అంటూ ప్రకటనలతో సహా వెనక అట్టదాకా చదివేసేవారు. పైగా ఏ పేజీలో ఏముందో ఆవిణ్ణి అడిగేవారు. నెల తిరిగేసరికి వీధిలో గోడలన్నీ బోసిపోయాయి. కృపారాణికి కథ కూడా రుచించడం మానేసింది.

ఓ శుక్రవారం ఆయన ఆరోగ్యం పేజీ సగంలో ఉండగా ఆవిడ పత్రిక లాగేసుకుంది.

"ఇవాళ్టికి చాలండి. కొంచెం మిగిల్చి లేస్తేనే నాకు బావుంటుంది. పదండి, కాలవగట్టు మీద నడిచొద్దాం."

ఆయన గొణుక్కుంటూనే చెప్పులేసుకున్నారు.

ఆదివారం చర్చి నుంచి వచ్చేసరికి ఎదురింటి లోవలక్ష్మి వీళ్ల గుమ్మంలో నిలబడి ఉంది. జాకెట్లు కుట్టుకుని బతికే మనిషి. చంకలో మనవరాలు హారతి. ఆ పిల్లకి నాలుగేళ్లొచ్చినా ఒక్క మాటా రాలేదు.

"సారూ, మా గోడ మీద వెనక సగమే వచ్చిందండి. 'ఆ పరీక్ష ఎంత త్వరగా చేయిస్తే అంత త్వరగా మాటలొస్తాయి' అని ఉందండి. ఏ పరీక్షండి?"

విజయ్ పాల్‌కి పత్రిక తియ్యాల్సిన పని లేకపోయింది.

"చెవులకమ్మా. అసలు పాపకి వినపడుతోందో లేదో ముందు చూపించమని ఉంది."

లోవలక్ష్మి పిల్ల చెవి మీద పడ్డ జుట్టు పక్కకి తీసింది. "ఇన్నాళ్లూ గొంతుకి మందులు పోయించానండి."

మర్నాడే ముగ్గురూ పిల్లని తీసుకుని రాజమండ్రి బస్సెక్కారు. రెండు నెలలు తిరిగారు. ఆ రెండు నెలల్లో విజయ్ పాల్ పత్రికలో సినిమా పేజీ, పదకేళి తప్ప మరేదీ ముట్టలేదు. అవి చాలా బావుంటాయని భార్యతో ఒప్పుకున్నారు కూడా.

రెండు చెవులకీ మిషన్లు పెట్టించుకొచ్చిన సాయంత్రం హారతి వీధి మొదట్లో ఆటో దిగింది. పిట్టగోడ దగ్గర్నుంచి పాపాయమ్మ మెల్లగా "హారతీ" అంది. పిల్ల ఠక్కున ఆగి అటు తిరిగింది. చంద్రరావు తన గుమ్మంలోంచి పిలిచాడు. ఇటు తిరిగి నవ్వింది. తర్వాత పక్కింటివాళ్లు, ఆ పక్కింటివాళ్లు.

పది ఇళ్ల ఆ వీధి దాటి ఇల్లు చేరడానికి హారతికి గంట పట్టింది.