గురువుగారిని చంపేయండి మేడమ్

బకెట్ నిండేలోపు కామెంట్లు చదివేద్దాం అనుకోవడమే ప్రభాకర్ ఆ పొద్దున చేసిన తప్పు.

క్యాంపులో కుళాయి దగ్గర లైను పెద్దగానే ఉంది. నోట్లో పేస్టు నురుగు, భుజం మీద తువ్వాలు, ఎడమ చేతిలో ఫోను. కుడి పాదంతో బకెట్‌ని కుళాయి కిందికి జరిపి, కళ్ళజోడు ముక్కు మీదికి తోసుకున్నాడు. ఒమన్‌కి వచ్చాక ఇబ్రా ఊరి బజారులో కొన్న కళ్ళజోడు. ఒక పుల్ల విరిగితే ఎలక్ట్రీషియన్ల నల్లటేపు చుట్టాడు.

'మేడమ్, మిహిరుడు ఇంకా ఎన్ని భాగాలు నీళ్ళు మోస్తాడు? మాంత్రికుడి కథ అని ఫాలో అయ్యాం, వాటర్ ట్యాంకర్ కథ అని తెలీదు.'

'పార్ట్ మరీ చిన్నగా ఉందండి.'

'అనవసరంగా సాగదీస్తున్నారు.' ఇదీ అదే పార్ట్‌కి.

'మొదటి భాగం సూపర్. ఇది చదువుతుంటే నిద్రొస్తోంది. సారీ మేడమ్, ఏమనుకోవద్దు.'

'ఆ ముసలి గురువుగారిని చంపేయండి మేడమ్. అప్పుడైనా కథ కదుల్తుంది.' దీనికి మాత్రం లైకులు కుప్పలుగా పడ్డాయి. కింద ఎవరో దండం పెట్టే బొమ్మ కూడా పెట్టారు.

ప్రభాకర్ నురుగు ఉమ్మాడు. దాంతోపాటు ఒక తిట్టు కూడా ఉమ్మాడు. వెనక నిలబడ్డ బంగ్లాదేశీ తననే అన్నాడనుకుని ఒక అడుగు వెనక్కి వేశాడు. బకెట్ ఎప్పుడో నిండి, నీళ్ళు చెప్పుల మీదుగా పోతున్నాయి.

మేడమ్ అంటే ప్రభాకరే. జగిత్యాల వైపు మనిషి, నలభై దాటాయి, స్లాబు పోయడానికి కింద చెక్కలు బిగించే సెంట్రింగ్ కార్పెంటర్. మెడ దాకా ఒక రంగు, చొక్కా కింద ఇంకో రంగు. ఎడమ బొటనవేలి గోరు ఎప్పటిదో సుత్తి దెబ్బకి నల్లబడి, అలాగే మిగిలిపోయింది. కరోనా టైములో పని లేక రూములో పడి ఉన్నప్పుడు, కథలు చదివే యాప్‌లో ఏ పేరు పెట్టాలో తోచక హరిణి అని పెట్టి, 'గాజు అడవి మాంత్రికుడు' అని ఒకటి మొదలుపెట్టాడు. పశువులు కాసుకునే మిహిరుడు చెయ్యెత్తితే చాలు, మెరుపు పడేది, రాక్షసి పగిలిపోయేది. జనం వెర్రెత్తినట్టు చదివారు. రెండో భాగం రాయండి మేడమ్ అని ప్రాణం తీశారు. రాశాడు. ఎందుకు రాశారు మేడమ్ అని ఇప్పుడు ప్రాణం తీస్తున్నారు.

అతని ఇబ్బంది అతనిది. మొదటి భాగంలో గుడ్డిగా తగిలిన మంత్రాన్ని రెండో భాగంలో కుర్రాడు పద్ధతిగా నేర్చుకోవాలి కదా. నేర్చుకోవడం అంటే ప్రభాకర్‌కి తెలిసింది ఒక్కటే రకం. ఒమన్‌కి కొత్తగా వచ్చినప్పుడు అతన్ని భీమన్న దగ్గర హెల్పర్‌గా వేశారు. భీమన్న సుత్తి ముట్టుకోనివ్వలేదు. పాత చెక్కల్లోంచి మేకులు పీకమన్నాడు. వంకరవాటిని సాపు చేయమన్నాడు. చెక్కలకి నూనె రాయమన్నాడు. ఎండాకాలమంతా అదే పని. ఎందుకు కాకా అనడిగితే ఒకటే జవాబు, "సూడు." ఏం చూడాలో చెప్పడు. అందుకే మిహిరుడి గురువు కూడా గుట్ట మీద కూర్చుని నీళ్ళు మోయిస్తాడు, గాజు ఆకులకి నూనె రాయిస్తాడు, నోరు తెరిస్తే 'చూడు' అంటాడు. పాఠకులు చూసీ చూసీ విసిగిపోయారు.

ఇంటి నుంచి భార్య రజిత కూడా వాయిస్ మెసేజ్ పెట్టింది. "ఓ హరిణి మేడమ్, ఆ పోరడు ఇంకెన్ని దినాలు నీళ్ళు మోస్తడు? మా అక్క సదువుడు బందు వెట్టింది. నేను గూడ నీ మొగం జూసి సదువుతున్న."

ఎవరు ఏమన్నా పడేవాడే. కానీ భీమన్న ఇవాళ సాయంత్రం వెళ్ళిపోతున్నాడు. కంపెనీ ఈసారి వీసా పొడిగించలేదు, వయసైపోయిందంది. తిరిగి వచ్చే ముచ్చట లేదు. రాత్రి మస్కట్‌లో విమానం. కథలో కొత్త భాగం ఇవాళ సాయంత్రమే వేస్తానని ప్రభాకర్ మాటిచ్చి ఉన్నాడు. భీమన్న పోయేలోపు ఆ గురువు గురించి ఒక్క మంచి మాట భీమన్న నోటి నుంచే వినాలని అతని ఆశ. ఆ గురువు ఎవరో చెప్పకుండానే వినాలి. చెప్పి వింటే అది అడుక్కున్నట్టు ఉంటుంది.

సమస్యేంటంటే, రూములో ఆ గురువంటే అందరికన్నా ఎక్కువ చిరాకు భీమన్నకే.

*

సైట్ ఇబ్రా ఊరి బయట. బడి కడుతున్నారు. చుట్టూ చెట్టన్నది లేని గోధుమరంగు కొండలు, ఏడింటికే పెనంలా కాలుతున్న ఇనుము. హెల్మెట్, పనిముట్ల సంచి అప్పజెప్పి పోవడానికి భీమన్న కూడా బస్సులో వచ్చాడు. పొట్టి మనిషి, దొడ్డికాళ్ళు. కుడిచేతి చూపుడువేలు పైకణుపు లేదు. చెవి మీద బీడీ. స్టోర్లో సంతకం పెట్టి ఆఫీసు గదిలో చల్లగా కూర్చోవచ్చు కదా, కూర్చోడు. పోయిన నెల పోసిన స్లాబు కిందికి పోయి, దాన్ని మోస్తున్న ఇనుప జాకీలని ఒక్కొక్కటే వేళ్ళ కణుపులతో కొట్టి చెవి పెట్టి వింటున్నాడు.

"నీ డ్యూటీ అయిపాయె గద కాకా. ఇంకెందుకు?" అన్నాడు ప్రభాకర్.

"డ్యూటీ గాదు. వింటున్న."

ఏం వింటున్నాడో చెప్పలేదు. ఇంకో జాకీ దగ్గరికి పోయాడు.

జూన్ నెల. మధ్యాహ్నం ఎండలో పని ఆపాలని రూలు. స్లాబు నీడలో అట్టముక్కలు పరుచుకుని అందరూ వాలిపోయారు. అప్పుడు వచ్చాడు వజీర్, పికప్పులో అన్నం క్యారియర్లతో. కడప మనిషి, కంపెనీ డ్రైవరు, రూములో ప్రభాకర్ పక్క మంచం. హరిణి మేడమ్ ఎవరో కనిపెట్టి క్యాంపంతా టముకు వేసింది ఇతనే. రోజూ అన్నాల దగ్గర కథ పైకి చదివి వినిపించేదీ ఇతనే. కథ అయ్యాక కామెంట్లు కూడా చదువుతాడు. అవైతే ఇంకా గొంతెత్తి చదువుతాడు.

"ఏం మేడమ్, ఏం రాస్తాండావు?" అంటూ పప్పు గిన్నె మూత తీశాడు. "జనాలు ఊరుకునేట్టు లేరబ్బా. ఒకాయన ఏమంటాండాడో ఇను. 'ఈ గురువుకి మంత్రాలు వచ్చో రావో నాకు డౌటు.' భలే అన్న్యాడు గదా?"

"నాకు గూడ అదే డౌటు," అన్నాడు భీమన్న కుబ్బూస్ రొట్టె తుంచి పప్పులో ముంచుతూ. "వస్తె ఒక్కటన్న జేస్తుండె గద. పని జేసేది పోరడు, పేరు ముసలోనిది. ఏమన్నంటే సూడు, సూడు. ఏం సూడాలె ఆని మొకమా?"

ప్రభాకర్ మజ్జిగ గ్లాసు దగ్గరికి లాక్కున్నాడు. "గురువులు గట్లనే ఉంటరు కాకా."

"ఎక్కడుంటరు?"

"నీ మాదిరే ఉండాడు లే ఆ ముసలాయన," అన్నాడు వజీర్.

ప్రభాకర్ చెయ్యి గిన్నెలోనే ఆగిపోయింది. భీమన్న తలెత్తలేదు.

"నేనెందుకు గట్లుంట? నేను మంచిగ మాట్లాడుత."

వజీర్‌కి పొలమారింది. ముక్కులోంచి మజ్జిగ వచ్చేదాకా నవ్వాడు. "యా అల్లా. నువ్వు మాట్లాడతావా? పోయిన రంజాన్‌కి ఏదో అన్న్యావు, ఆపొద్దు ఇన్న్యాం నీ గొంతు."

"నవ్వుతె నవ్వు గని," భీమన్న చెయ్యి కడుక్కుని బీడీ ముట్టించాడు, "సంపెయ్ పిలగా ఆ ముసలోణ్ణి. ఇయ్యాల్టి దాంట్లనే సంపెయ్."

"నువ్వు గూడ గదే అనవడ్తివా?"

"అందరు అంటున్నరు గద."

అందరూ అంటున్నారు. ప్రభాకర్ అట్టముక్క తీసుకుని దూరంగా ఒక స్తంభం వెనక్కి పోయాడు. ఫోను తెరిచాడు. సరే, చంపుదాం, ఏం పోయింది. గాజు రాక్షసి గుట్టెక్కింది. గురువు లేచి నిలబడ్డాడు. నిలబడగానే ప్రభాకర్ కళ్ళకి ఆ దొడ్డికాళ్ళు కనబడ్డాయి. రాసిందంతా ఒక్క పెట్టున కొట్టేశాడు. మళ్ళీ రాశాడు. ఈసారి జ్వరంతో పోగొడదాం. గురువు చాప మీద పడుకుని మిహిరుణ్ణి దగ్గరికి పిలిచి, చివరి మంత్రం చెవిలో... చెవి మీద బీడీ. అదీ కొట్టేశాడు. ఫోను వేడెక్కి, దానంతటదే ఆరిపోయింది. ఫోన్లకి కూడా మధ్యాహ్నం పని చేయకూడదని రూలు ఉన్నట్టుంది.

అప్పుడొక ఆలోచన వచ్చింది. చంపొద్దు, చావొద్దు. గురువు ఎంత గొప్పవాడో మిహిరుడే చెబుతాడు. గట్టిగా, అందరూ కళ్ళనీళ్ళు పెట్టుకునేలా చెబుతాడు. అది వింటే భీమన్న ఎందుకు మెచ్చుకోడు? ఫోను చల్లబడేదాకా దాన్ని నీళ్ళ సీసాకి ఆనించి పట్టుకుని, నోట్లోనే మాటలు కూర్చుకుంటూ కూర్చున్నాడు.

*

సాయంత్రం రూముకి వచ్చేసరికి భీమన్న నేల మీద కూర్చుని అట్టపెట్టెకి తాడు కడుతున్నాడు. సూట్‌కేసు అప్పటికే తలుపు దగ్గరుంది. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, మడతలు ఇంకా పోలేదు. వజీర్ బయట పికప్పు అద్దం తుడుస్తున్నాడు.

ప్రభాకర్ స్నానం కూడా చేయలేదు. మంచం అంచున కూర్చున్నాడు. "కాకా, ఇయ్యాల్టి పార్టు రాసిన. ఇంకా వెయ్యలే. వింటవా?"

"సదువు."

చదివాడు. మిహిరుడు గురువు పాదాల మీద పడ్డాడు. 'ఓ గురుదేవా, నీళ్ళు మోయించి నా భుజాలకి బలమిచ్చావు, మౌనంతో నా చెవులు తెరిచావు, నీ ఋణం ఏడు జన్మలకైనా తీరదు' అన్నాడు. గాజు అడవి మొత్తం గణగణ మోగింది. పైనుంచి పూలు కూడా పడ్డాయి. చదువుతూ ప్రభాకర్ రెండు చోట్ల ఆగి భీమన్న వైపు చూశాడు. భీమన్న పళ్ళతో తాడు కొస పట్టుకుని ముడి బిగించాడు.

"ఎట్లుంది?"

"గింత ముచ్చట ఎవ్వడు వెడ్తడ్రా?" అన్నాడు భీమన్న. "గన్నేండ్లాయె. నువ్వెప్పుడన్న నా కాళ్ళ మీద వడ్డవా?"

ప్రభాకర్ ఫోను పక్కన పెట్టాడు. ఏసీ నుంచి బకెట్‌లోకి నీళ్ళ చుక్కలు పడుతున్నాయి.

"నీకు ఎర్కేనా?"

"మొదటి దినం సంది ఎర్కే. మేకులని రాయక నీళ్ళని రాసినవ్, గంతే గద."

"మరి మధ్యాన్నం సంది సంపెయ్ సంపెయ్ అంటివి." ప్రభాకర్‌కి ఏడుపు కన్నా ముందు కోపం వచ్చింది. "గన్ని మాటలంటివి ఆనిని. పని రాదంటివి. మొకమేందంటివి. నేను ఇక్కడ సస్తున్న నీ నోట ఒక్క మంచి మాట రావాలని."

"నా గురించి నేనే మంచిగ జెప్పుకోవాల్నా? నాకేమన్న సిగ్గులేదా?"

ఇంకో ముడి వేశాడు. లాగి చూశాడు. "నేను పోతున్న గద పిలగా. రేపటి సంది ఆ ముసలోడు ఏం మాట్లాడాలె? ఎవన్ని జూసి రాస్తవ్? స్లాబు గట్టివడ్డంక సెంట్రింగ్ ఇప్పుతం. అట్లనే ఉంచితె ఆ ఇంట్ల మనిషి తిరిగేటట్టు ఉంటదా?"

"గట్టివడ్డదో లేదో నీకేమెర్క?"

"విన్న గద," అన్నాడు భీమన్న.

బయట హారను మోగింది. ఒకసారి కాదు, వజీర్ కాబట్టి మూడుసార్లు. "రాండప్పా, మస్కట్ ఏం మీ గడప కాడ లేదు."

ప్రభాకర్ లేచి అట్టపెట్టె తాడు పట్టుకుని ఎత్తబోయాడు.

"తాడు వట్టి లేపకు. కిందికెల్లి వట్టు."

కింద చేతులు పెట్టి ఎత్తాడు. బరువుగా ఉంది. పికప్పు వెనక జాగ్రత్తగా దించాడు. భీమన్న ముందు సీటెక్కి తలుపు వేసుకుని, అద్దం దించి తల బయటపెట్టాడు.

"ఒక్కటి. ఆ ముసలోనికి బీడీ ఇయ్యి. బీడీ లేకుంట గన్ని దినాలు గుట్ట మీద ఎట్ల కూసుంటడు? నాకైతె విన్నప్పుడల్ల పానం కొట్టుకుంటుండె."

"ఇస్త," అన్నాడు ప్రభాకర్.

పికప్పు గేటు దాటి, కంకర దాటి, నల్లరోడ్డెక్కింది. భీమన్న వెనక్కి చూడలేదు. చూసినా ఆ దుమ్ములో కనిపించేది కాదు.

రూములోకి వచ్చి ప్రభాకర్ పూలు కొట్టేశాడు. గురుదేవా కొట్టేశాడు. ఏడు జన్మలు కొట్టేశాడు. మిగిలింది కాస్తే. ఒక పొద్దున గురువు పంచె బిగించుకున్నాడు, బీడీ ముట్టించాడు, గుట్ట దిగిపోయాడు. మిహిరుడు చూశాడు. గురువు పోయాక, ఎవరూ చెప్పకుండానే, ఒక గాజు చెట్టు దగ్గరికి పోయి మొదలు మీద కణుపులతో కొట్టి చెవి పెట్టాడు. అంతే రాసి, అచ్చుతప్పులు కూడా చూడకుండా వేసేశాడు.

స్నానం చేసి వచ్చేసరికి మొదలైంది.

'మేడమ్, గురువుగారు చనిపోయారా, లేదా? క్లారిటీ ఇవ్వండి.'

'పార్ట్ ఇంత చిన్నదా? మోసం.'

'గురువు బీడీ తాగడం ఏంటండీ, పిల్లలు కూడా చదువుతారు.'

'చంపమన్నది మేమే కానీ ఇలా పంపించేయడం బాలేదు. మళ్ళీ ఎప్పుడొస్తారు?'

'ఇప్పుడు మిహిరుడికి మంత్రం ఎవరు నేర్పుతారు?'

'వాడే నేర్చుకుంటాడు' అని టైపు చేసి, చెరిపేశాడు. 'చూడండి' అని టైపు చేసి, అదీ చెరిపేశాడు. వీళ్ళకి ఏం చెప్పినా ఇంకోటి అడుగుతారు. ఫోను దిండు మీదికి విసిరేసి, తడి తువ్వాలు ఆరేయడానికి ఎదురుగా భీమన్న ఖాళీ మంచం వైపు వంగాడు.

పరుపు చుట్టేసి ఉంది. మంచం కింద, గోడ వార, రాత్రి లేచి తాగడానికని భీమన్న ఎప్పటిలాగే నింపి పెట్టుకున్న స్టీలు గ్లాసు, మీద సాసరు మూత.