అక్క పని తీసేసిన కాటా

పొద్దున్నే చేపల మార్కెట్టులో అందరికన్నా ముందు వినబడేది తమ్ముడి గొంతు. గల్లాపెట్టె ముందు కుర్చీ వేసుకుని కేకలేస్తాడు కనక మార్కెట్టంతా అతణ్ణి మైకు అంటుంది. వెనకాల పీట మీద అక్క పొలుసు గీస్తుంది, మొప్పలు లాగుతుంది, పేగులు తీస్తుంది, బండ కడుగుతుంది. ఆవిడకి పేరేమీ పెట్టలేదు ఎవరూ. అవసరమైతే మైకు వాళ్ళక్క అంటారు.

ఆ వారం మూలనున్న కొట్టు ఖాళీ అయితే అక్క తనకిమ్మని అడిగింది. సంఘం నియమం ఒక్కటే: మార్కెట్టులో పని చేసిన మనిషై ఉండాలి, ఎవరి దగ్గర చేశారో వాళ్ళొచ్చి ఆ మాట చెప్పాలి.

"పనా? మా అక్కా?" మైకు పగలబడి నవ్వాడు. "ఇంట్లో ఊసుపోక వచ్చి కూర్చుంటుందండీ. సొంత మనిషి చేస్తే దాన్ని పనంటారా ఎవరైనా?"

"అయితే కుదరదమ్మా," అన్నాడు ప్రెసిడెంటు. ఐసు అమ్ముకునే మనిషి, జాలిగానే అన్నాడు. "ఎలాగూ ఖాళీయేగా, ఈ మూడు డిజిటల్ కాటాలూ పరీక్ష చేసిపెట్టు. చవగ్గా వచ్చాయి. ఏది మంచిదంటే అదే అన్ని కొట్లకీ కొందాం."

పనే చెయ్యని మనిషికి మార్కెట్టు మొత్తం తూకం అప్పగించడంలో ఎవరికీ తిరకాసు కనబడలేదు.

అక్క లీటరు నీళ్ళు తెచ్చి, డబ్బా బరువు తీసేసి తూచింది. లీటరు నీళ్ళంటే కిలో కదా. పళ్ళెం నడుమ పెట్టింది, మూలల్లో పెట్టింది, తడిచేత్తో బటన్లు నొక్కింది, ఒకే చేపని ఎత్తి దించి, ఎత్తి దించి చూసింది. మొదటి కాటా ఫ్యాను గాలిని కూడా చేపే అనుకుంది. రెండోది కొత్తల్లుడి బాపతు, బేరం మధ్యలో నిద్రపోయింది. మూడోది నిక్కచ్చి.

"ఇది పనిని కూడా తూస్తోంది," అని చెప్పింది ప్రెసిడెంటుకి. "ముట్టుకోని చేప కిలో ఉంటే, నేను బాగుచేశాక కిలోంబావు."

"పేగులు తీశాక తగ్గాలిగా?"

"తగ్గింది. నా పని కలిసింది."

"ఓహో. బ్యాటరీ ఎంతసేపొస్తోంది?"

"సాయంత్రం దాకా."

"అయితే ఇదే ఖాయం చేద్దాం."

కానీ ఆ కాటా కొట్లోకొచ్చాక కొనేవాళ్ళు ఊరుకుంటారా? "మీ అక్క పనికి కూడా మేమే ఇచ్చుకోవాలా?" అంటూ టీచరమ్మ మైకు మీద పడింది.

మైకుకి మెరుపులాంటి ఉపాయం తట్టింది. చేప తూచేముందు ఖాళీ గిన్నె పెట్టి సున్నా కొట్టడం అందరికీ అలవాటే. గిన్నె బరువు పోతుంది.

"అక్కా, ఇలా రా. పళ్ళెం మీద చెయ్యి పెట్టు." పెట్టింది. సున్నా కొట్టాడు. "ఇంక తీసెయ్. గిన్నె బరువు పోయినట్టే నీ పనంతా పోయింది. ఇప్పుడు చూడండి టీచరమ్మా, అసలు బరువు!"

చేప పెట్టాడు. మైనస్. ఇంకా పెద్దది పెట్టాడు. మైనస్. గంప పెట్టాడు, గల్లాపెట్టె పెట్టాడు, పొద్దున అక్క కట్టిచ్చిన క్యారియరు పెట్టాడు. మైనస్, మైనస్, మైనస్. ఒళ్ళు మండి తానే ఎక్కి నిలబడ్డాడు. ఇస్త్రీ చొక్కాతో సహా మైనస్.

టీచరమ్మ సంచి తెరిచి పట్టుకుంది. "అంటే ఎదురు నువ్వే నాకివ్వాలి. చేపా ఇవ్వు, పైన డబ్బులూ ఇవ్వు."

"లెక్క న్యాయంగానే ఉంది," అన్నాడు ప్రెసిడెంటు.

ఆవిడ వెనక వరస కట్టేశారు. మైకు బ్యాటరీ పీకాడు, ఊదాడు, మళ్ళీ పెట్టాడు. కాటా మాట మార్చలేదు.

"అక్కా, ఒక్కసారి చెయ్యి పెట్టి ఆ పని మళ్ళీ కలిపెయ్యవే."

అక్క కత్తి కడుక్కుంటోంది. "ఊసుపోక కూర్చున్నదాన్ని, నాకేం చేతనవుతుందిరా?"

"పరువు పోతోందే!"

"ఇది బరువే చూస్తుందిరా, పరువు చూడదు."

వరస గేటు దాటింది. మైకు గొంతు తగ్గించి ప్రెసిడెంటు చెవిలో అన్నాడు: "మా అక్క పని చేస్తుందండీ."

"వినబళ్ళేదు."

"చేస్తుందండీ! నా పెళ్ళికి ముందు నుంచీ! కొట్లో, ఇంట్లో, అంతా తనేనండీ!"

ఈసారి వీధి చివరి దాకా వినబడింది. అక్క చెయ్యి తుడుచుకుని, తీరిగ్గా వచ్చి పళ్ళెం మీద పెట్టింది.

మర్నాడు మూల కొట్టు తెరుచుకుంది. అక్కడ అక్క ముందు తెరిపి లేకుండా జనం. ఇక్కడ మైకు పీట మీద కూలబడి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒక చేప బాగుచేశాడు. రెండు వేళ్ళు కోసుకున్నాడు. చేపని కాటా మీద పెడితే ఇరవై గ్రాములు ఎక్కువొచ్చింది.

"రండి, రండి! అందరూ వచ్చి చూడండి! నా పని!"

మార్కెట్టులో మగవాళ్ళందరూ వెళ్ళి చూశారు. కొందరు భుజం కూడా తట్టారు.